ట్యాంకు నుంచి నల్లా దాకా

కుల్చారం మండలం పక్కనుంచే మంజీర పారుతుంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా వచ్చి, సింగూరు జలాశయంలో నిలిచి, అక్కడినుంచి మెదక్ వైపు దిగే నది ఇది. నిజాం కాలంలో 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట ఈ చుట్టుపక్కలే ఉంది. దాని రెండు కాలువలను రైతులు ఇప్పటికీ మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే అంటారు. ఇంకొంచెం ముందుకు పోతే నది ఏడు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట వనదుర్గ గుడి ఉంటుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథసూరిది కుల్చారమేనని చెబుతారు.

ఇంత నీటి చరిత్ర ఉన్న చోట ఈ అధ్యాయం మాట్లాడబోయేది చాలా కొద్ది నీళ్ల గురించి. మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో నిలిచినవి, అక్కడినుంచి వంటింటి నల్లా దాకా పైపులో ఉన్నవి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైనప్పుడు, పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల శుద్ధమైన నీళ్లు ఇవ్వాలన్నది లక్ష్యం. నీళ్లను తేర్చి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి, ఊరి పెద్ద ట్యాంకుకు ఎక్కించి, ఇంటింటికీ వదులుతారు. గేటు దాకా ఆ నీళ్ల మంచిచెడ్డలు ఇంజినీర్లు, పంచాయతీవాళ్లు చూసుకుంటారు. గేటు దాటాక వాటిని సంపులో పట్టి, మోటరు వేసి మిద్దె మీదికి ఎక్కించి, రెండు మూడు రోజులు నిలవ ఉంచుకునేది మనం. ఆ ఆఖరి మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయో చూసే అధికారి ఎవరూ ఉండరు. నల్లాలు ఇంటింటికీ వచ్చాక మన తాగునీటిలో మిగిలిన పెద్ద లోటు ఇదేనని నా నమ్మకం. దాన్ని పూడ్చడానికి సర్కారు పథకం అక్కర్లేదు. కొంచెం రసాయనశాస్త్రం, ఒక సెలవురోజు చాలు.

శుద్ధి కేంద్రంలో కలిపే క్లోరిన్ రెండు పనులు చేస్తుంది. అక్కడికక్కడ సూక్ష్మజీవులను చంపుతుంది. ఆ పని అయ్యాక కొంత మిగిలి, దారిలో కొత్తగా చొరబడేవాటిని ఎదుర్కోవడానికి నీళ్లతోపాటు ప్రయాణిస్తుంది. మిగిలిన ఆ భాగమే కీలకం. నల్లా దగ్గర అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తానికి లెక్కగడితే అది గ్రాములో ఐదోవంతు. అంత తక్కువ క్లోరిన్ అయిపోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కాస్త మట్టి, కాస్త ఇనుప తుప్పు, రాలిపడిన ఆకు ముక్క చాలు. క్లోరిన్‌కు క్రిమికీ ఆకుకీ తేడా తెలియదు. ఏది ముందు తగిలితే దాన్ని ఆక్సీకరణం చేస్తూ తాను ఖర్చయిపోతుంది.

దానికి ఎండ తోడవుతుంది. మెదక్ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. నల్లని ప్లాస్టిక్ ట్యాంకు ఆ వేడినంతా పీల్చుకుంటుంది. సాయంత్రం నల్లా తిప్పితే చెయ్యి చురుక్కుమనడం అందరికీ అనుభవమే. నీళ్లు వేడెక్కిన కొద్దీ క్లోరిన్ తొందరగా తరిగిపోతుంది, బాక్టీరియా తొందరగా పెరుగుతుంది. రెండూ ఒకేసారి జరగడమే చిక్కు. ట్యాంకు నల్లగా ఉండటంలో ఒక మేలు లేకపోలేదు. వెలుతురు లోపలికి పోదు కనుక ఆకుపచ్చ నాచు పట్టదు. కానీ బాక్టీరియాకు వెలుతురు అవసరం లేదు. నాచు లేదు కదా అని ట్యాంకు బాగుందనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

మూత తీసి లోపలికి టార్చి వేసి చూడండి. ట్యాంకు నుంచి బయటికి పోయే పైపు అట్టడుగున ఉండదు, రెండు మూడు అంగుళాలు పైన బిగించి ఉంటుంది. అడుగున చేరిన మట్టి నల్లాల్లోకి రాకుండా అలా పెడతారు. దానివల్ల ఆ రెండు మూడు అంగుళాల నీళ్లు ఎప్పటికీ ఖాళీ కావు. వారానికి ఎన్నిసార్లు ట్యాంకు నిండినా ఖాళీ అయినా అడుగున అంత నీళ్లు మిగులుతూనే ఉంటాయి. వాటికింద వేలితో రాస్తే గోధుమరంగు మెత్తటి ఒండ్రు తగులుతుంది. అందులో బంకమట్టి, ఇనుప తుప్పు, చచ్చిన పురుగుల ముక్కలు, సున్నపు రేణువులు ఉంటాయి. కొత్తగా వచ్చిన క్లోరిన్‌లో మొదటి వాటా ఆ ఒండ్రుదే.

ఇప్పుడు నీటిమట్టం పైకీ కిందికీ ఆడేచోట గోడను తడమండి. జారుడుగా, జిగటగా ఉంటుంది. మనం పాచి అనేదాన్నే శాస్త్రవేత్తలు బయోఫిల్మ్ అంటారు. ఈ అధ్యాయంలో అసలు పాత్రధారి అదే కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం.

నీళ్లలో ఒంటరిగా తేలే బాక్టీరియాకు బతుకు కష్టం. తిండి తక్కువ, క్లోరిన్ ఎదురుగా ఉంటుంది. అదే గోడకు అతుక్కుంటే ప్రవాహం తిండిని తానే మోసుకొస్తుంది. అతుక్కున్న కొద్దిసేపటికే అది చక్కెరల గొలుసులతో, ప్రొటీన్లతో ఒక జిగురును స్రవించడం మొదలుపెడుతుంది. ఆ జిగురులో అది విడిపోయి రెండవుతుంది, నాలుగవుతుంది. వేరే జాతులు వచ్చి చేరతాయి. పొరలో నీళ్లు పారే సందులు ఏర్పడతాయి. పైపొరలో ప్రాణవాయువుతో బతికేవి, లోపలిపొరలో అది లేకుండా బతికేవి స్థిరపడతాయి. నీటి పైపుల వ్యవస్థలో ఉండే సూక్ష్మజీవుల్లో చాలా భాగం నీళ్లలో ఉండవు, గోడల మీదే ఉంటాయి. గ్లాసులో పట్టిన నీళ్లు అద్దంలా మెరుస్తున్నా పైపు లోపలి గోడ మాత్రం కిక్కిరిసి ఉండవచ్చు.

ఈ పొరలో రక్షణ ఎంతటిదో మొదట గమనించినవాడు డచ్చి దేశపు లీవెన్‌హుక్. తన పళ్ల మీది గారను తానే చేసుకున్న సూక్ష్మదర్శినిలో పెట్టి చూసి, 1683లో లండన్ రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. వెనిగర్ తగిలించినప్పుడు గార బయటివైపున్న జీవులే చచ్చాయనీ, లోపలిదాకా వెనిగర్ చేరలేదనీ అందులో చెప్పాడు. పళ్లగార కూడా బయోఫిల్మే. ట్యాంకు గోడమీద క్లోరిన్‌కు ఎదురయ్యేది ఇదే స్థితి. పైపొరలోని జిగురును ఆక్సీకరణం చేయడంలోనే క్లోరిన్ అయిపోతుంది, లోపలిదాకా చేరదు. కొన్ని రోజుల్లో పొర మళ్లీ పూడుతుంది. అందుకే పాచిని ముందు రుద్ది తీసేయకుండా బ్లీచింగ్ పౌడర్ చల్లితే ఆ ఖర్చు దండగ. పళ్లు తోమకుండా నోరు పుక్కిలించినంత మాత్రాన గార పోదని అందరికీ తెలుసు. ట్యాంకు విషయంలో అదే సంగతి మరిచిపోతాం.

పాచిలో ఉండేవన్నీ రోగకారకాలు కావు, చాలావరకు నిరపాయమైనవే. కానీ రోగకారకాలు వస్తే దాక్కోవడానికి ఇల్లు సిద్ధంగా ఉంటుంది. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. ఆ తర్వాత అంతుపట్టని న్యూమోనియాతో 34 మంది చనిపోయారు. కొన్ని నెలల పరిశోధన తర్వాత దొరికిన బాక్టీరియాకు, సభ జరుపుకున్న లీజియన్ అనే సంఘం పేరు మీదే లెజియొనెల్లా అని పేరు పెట్టారు. గోరువెచ్చని నిలవ నీళ్లు, సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య, దానికి అనువైనవి. అది తాగడం వల్ల వచ్చే జబ్బు కాదు. షవరు తుంపరల్లోనో, కూలింగ్ టవర్ ఆవిరిలోనో ఎగిరి ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం. మన ట్యాంకు ఏడాదిలో ఎక్కువ కాలం సరిగ్గా ఆ ఉష్ణోగ్రతల్లోనే ఉంటుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది వేరే రకం ముప్పు. పైపు పగులులోంచో, మూతలేని ట్యాంకులోంచో మలంలోని క్రిములు నీళ్లలో చేరడం. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి పలువురు చనిపోయారు. శుద్ధి కేంద్రంలో నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా చివరి పైపుల్లో మురుగు కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క పేట చాలు.

క్లోరిన్‌తో క్రిములను చంపవచ్చని మనుషులు కనిపెట్టేనాటికి క్రిముల సంగతే సరిగ్గా తెలియదు. 1774లో షీలే క్లోరిన్‌ను తయారుచేశాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్, సున్నంలోకి క్లోరిన్‌ను పంపి పొడిగా మార్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. బట్టలు తెల్లబరచడానికి చేసిన ఆ పొడే ఇవాళ పంచాయతీ ఆఫీసు మూలన సంచుల్లో ఉండే బ్లీచింగ్ పౌడర్. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ప్రసవాల వార్డులోకి వచ్చే డాక్టర్ల చేత క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడిగించి బాలింత మరణాలను బాగా తగ్గించాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ ఊరంతటి నీళ్లలో రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. జాన్ లీల్ అనే వైద్యుడి పట్టుదల అది. అదే ఏడాది హ్యారియెట్ చిక్ అనే శాస్త్రవేత్త, మందు తగిలిన క్రిములు ఒక్కసారిగా చావవనీ, ప్రతి నిమిషానికీ మిగిలినవాటిలో ఒక నిర్ణీత వంతు చస్తుందనీ లెక్క తేల్చింది. ఆ లెక్క నుంచే ఈనాటి సూత్రం వచ్చింది. క్లోరిన్ గాఢతను, అది నీళ్లలో ఉన్న సమయంతో గుణించాలి. ఫలితం ఆ లబ్ధం మీద ఆధారపడుతుంది. కొంచెం వేసి ఎక్కువసేపు ఉంచవచ్చు, ఎక్కువ వేసి తక్కువసేపు ఉంచవచ్చు. ఎక్కువ వేసి వెంటనే కడిగేస్తే మాత్రం ఏదీ దక్కదు. మన ఇళ్లలో జరిగేది చాలావరకు ఈ మూడోదే.

ఇంతకన్నా మంచి పద్ధతి ఎవరి దగ్గర ఉందని వెతికితే, చక్రాల ఇళ్లలో తిరిగేవాళ్ల దగ్గర కనిపిస్తుంది. మోటర్‌హోమ్ అంటే పడక, వంటిల్లు, స్నానాలగది అన్నీ ఉన్న బండి. తెలుగునాట అలాంటి బతుకును జనం మొదట చూసింది బహుశా 1982లో. తెలుగుదేశం పెట్టాక ఎన్టీఆర్ పాత షెవ్రొలే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే నెలల తరబడి ఆ బండినే ఇల్లు చేసుకుని తిరిగారు. ఇప్పుడు షూటింగుల దగ్గర నిలబడే కారవాన్లు, నాయకుల ప్రచార బస్సులు ఆ కోవలోవే. అమెరికాలో ఉన్న మనవాళ్లు సెలవుల్లో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లేటప్పుడు మోటర్‌హోమ్‌ను అద్దెకు తీసుకుంటారు.

అలాంటి బండిలో ఊరి నీటి పథకం మొత్తం చిన్నగా ఉంటుంది. అడుగున నూటయాభై నుంచి నాలుగువందల లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పంపు, హీటరు, ఫిల్టరు, వంటింటి నల్లా, షవరు, బండి బయటివైపు కాళ్లు కడుక్కునే మరో షవరు ఉంటాయి. ఎక్కడ ఆగితే అక్కడి నీళ్లు నింపుకోవాలి. చలికాలంలో నెలల పాటు బండి కదలదు, పైపుల్లో నీటిచెమ్మ అలాగే ఉండిపోతుంది. అందుకే కొత్త సీజన్ మొదట్లో తాగునీటి వ్యవస్థను క్లోరిన్‌తో శుద్ధి చేయడం వాళ్లకు తప్పని అలవాటు. విమానాలకు ఇది ఏకంగా చట్టం. అమెరికా పర్యావరణ సంస్థ 2009లో తెచ్చిన నిబంధన ప్రకారం విమానం ట్యాంకునూ పైపులనూ నిర్ణీత వ్యవధుల్లో క్లోరిన్ వంటి మందుతో శుద్ధి చేసి, కడిగి, నీళ్లను బాక్టీరియా పరీక్షకు పంపాలి.

మోటర్‌హోమ్ వాళ్ల పద్ధతిలో మనం నేర్చుకోవలసింది ఒక్కటే. వాళ్లు ట్యాంకు దగ్గర ఆగరు. మందు కలిపిన నీళ్లను పంపుతో లాగి, ప్రతి నల్లాలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, అప్పుడు అన్నీ కట్టేసి, కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా అలాగే ఉంచుతారు. గాఢత లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు. తాగేనీళ్లలో ఉండాల్సిన కనీసానికి అది రెండువందల రెట్లు పైమాట. మన దగ్గర ట్యాంకులు కడిగేవాళ్లు గోడలు రుద్ది, ప్రెజర్ పంపు కొట్టి, మురికి తోడి, మూతపెట్టి వెళ్తారు. ట్యాంకు నుంచి నల్లా దాకా ఉన్న పైపును ఎవరూ ముట్టుకోరు. ట్యాంకు మెరుస్తుంది, పైపులో పాచి పాచిగానే ఉంటుంది.

ఇంటికి ఆ పద్ధతిని ఎలా తేవాలో చూద్దాం. లెక్కతో మొదలుపెడదాం, అది భయపడేంత లెక్కేమీ కాదు. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక గ్రాము క్లోరిన్ కలిస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము అవుతుంది. మనకు 50 కావాలి కనుక 50 గ్రాముల క్లోరిన్ కావాలి. మంచి బ్లీచింగ్ పౌడర్లో మూడోవంతు, అంటే సుమారు 33 శాతం, పనికొచ్చే క్లోరిన్. కాబట్టి 150 గ్రాముల పౌడరు. ఐదువందల లీటర్ల ట్యాంకుకు 75 గ్రాములు. పౌడరు బదులు 5 శాతం ద్రావణం వాడితే వెయ్యి లీటర్లకు ఒక లీటరు, మోటర్‌హోమ్‌లోని రెండువందల లీటర్లకు 200 మిల్లీలీటర్లు. సువాసనలు, సబ్బు కలిపినవి పనికిరావు. పౌడరు గురించి ఒక హెచ్చరిక. తేమ, వేడి తగిలితే దానిలోని క్లోరిన్ ఎగిరిపోతుంది. గడ్డలు కట్టి, ఘాటు తగ్గిన పాత సంచి ఎంత వేసినా లెక్క తప్పుతుంది. గాలి చొరని డబ్బాలో, నీడలో దాచిన కొత్త పౌడరే వాడాలి.

ముందు ట్యాంకు ఖాళీ చేసి, గట్టి బ్రష్షుతో గోడలు, మూత లోపలివైపు, ఫ్లోటు బాల్‌వాల్వు, పొంగునీళ్లు పోయే పైపు మూతి, అన్నీ రుద్దాలి. అడుగు ఒండ్రును గుడ్డతో, మగ్గుతో ఎత్తి పారేయాలి. దీన్ని నల్లాల గుండా పంపేస్తే ఆ మట్టంతా పైపుల్లో కూర్చుంటుంది. సంపు అయితే ఒంటరిగా దిగకూడదు. మూత తీసి గాలి ఆడనివ్వాలి, మోటరు కరెంటు తీసేయాలి, పైన ఒక మనిషి ఉండాలి. లోపల ఉండగా బ్లీచింగ్ వాడనే కూడదు.

తర్వాత పౌడరు. దాన్ని నేరుగా ట్యాంకులో పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్లో పౌడరు వేసి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కర్రతో ముద్దలా కలిపి, ఆపై బకెట్ నింపి పావుగంట కదపకుండా ఉంచాలి. ఆ పావుగంటలో జరిగేది చూడదగ్గది. మొదట పాలలా తెల్లగా ఉన్న నీళ్లు పైనుంచి కొంచెం కొంచెంగా విచ్చుకుంటాయి. పైన లేత ఆకుపచ్చ పసుపు కలిసిన తేట నిలుస్తుంది, అడుగున సున్నపు మడ్డి గట్టిగా దిగుతుంది. క్లోరిన్ తేటలో ఉంది. మడ్డి ట్యాంకులోకి పోతే నల్లా మూతి జాలీల్లో పేరుకుంటుంది, నీళ్ల క్షారతను కూడా పెంచుతుంది. తేటను మాత్రమే వంచాలి. ముఖం పక్కకు పెట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఆరుబయట ఈ పని చేయాలి.

తేట పోస్తూ ట్యాంకును అంచుదాకా నింపాలి. సగం నింపితే పై గోడకు మందు తగలదు. ఇక కిందికి దిగి, ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న నల్లాతో మొదలుపెట్టి ఒక్కొక్కటే తిప్పాలి. ఘాటు వాసన వచ్చాక కట్టేయాలి. వంటిల్లు, స్నానాలగది, షవరు, దొడ్లో చెట్లకు పెట్టే నల్లా, ఏళ్ల తరబడి ఎవరూ తిప్పని మేడమెట్ల కింది నల్లా కూడా. ఎవరూ తిప్పనిదాన్ని వదిలేయాలనిపిస్తుంది. వదలకూడనిది అదే. నీళ్లు కదలని పైపు కొసలో పెరిగిన పాచి మళ్లీ మిగతా పైపులకు విత్తనం అవుతుంది. పైపులు నిండటానికి పోయిన నీళ్లకు బదులు ట్యాంకును మళ్లీ అంచుదాకా నింపి రాత్రంతా వదిలేయాలి. ఆ రాత్రికి తాగడానికి, వంటకు నీళ్లు ముందే బిందెల్లో పట్టుకోవాలి. ఇంట్లో అందరికీ చెప్పాలి, నల్లాకు గుడ్డ కట్టినా మంచిదే.

ఆర్వో యంత్రాన్ని ముందే వ్యవస్థ నుంచి విడదీయాలి. దాని పొరను క్లోరిన్ పాడుచేస్తుంది. బొగ్గు ఫిల్టరు క్లోరిన్‌ను మింగేసి తర్వాతి పైపుకు చేరనివ్వదు కనుక దాన్నీ తీసేయాలి. గీజరుకు కరెంటు ఆపి, ఇన్‌లెట్ కట్టేయడం మేలు. పైపులు కడిగాక మామూలు నీళ్లతో నింపి 60 డిగ్రీల పైకి కాచి, ఆ వేడినీళ్లను జాగ్రత్తగా నల్లాల గుండా వదిలితే సరి. ఆ వేడికి లెజియొనెల్లా నిమిషాల్లో చస్తుంది.

పొద్దున మొదటి నల్లా తిప్పినప్పుడు ఇంకా క్లోరిన్ వాసన గట్టిగా రావాలి. రాకపోతే లోపల మురికి ఎక్కువగా ఉండి మందంతా దానికే పోయిందని అర్థం. మళ్లీ రుద్ది, మళ్లీ చేయాలి. వాసన ఉంటే ట్యాంకును నల్లాల గుండానే ఖాళీ చేసి, మంచినీళ్లు నింపి, వాసన పోయేదాకా కడగాలి. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్న నీళ్లను చేపలున్న కుంటలోకో బావిలోకో వదలకూడదు, చేపలు దానికి తట్టుకోలేవు. మోరీలోకి పోనివ్వాలి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్‌ను మరుగుదొడ్లు కడిగే ఆమ్లంతో గానీ, వెనిగర్‌తో గానీ కలపకూడదు. ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు బయటికి వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులను చంపింది ఆ వాయువే. మూసిన బాత్‌రూములో రెండూ కలిపినవాళ్లు ఊపిరాడక ఆస్పత్రి పాలవుతారు. రెండు మందులు కలిస్తే రెట్టింపు శుభ్రం అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

నీళ్లలో కలిసిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం. దానికి విద్యుదావేశం లేదు కనుక బాక్టీరియా పొరలోంచి సులువుగా జారుకుని లోపలికి పోతుంది. రెండోది హైపోక్లోరైట్ అయాను. దానికి రుణావేశం ఉంటుంది. బాక్టీరియా పైపొరదీ అదే ఆవేశం కావడంతో వికర్షణ జరుగుతుంది. చంపే శక్తిలో మొదటిది రెండోదానికన్నా ఎన్నో రెట్లు మిన్న. పీహెచ్ 7.5 దగ్గర రెండూ సగం సగం. పీహెచ్ 8.5కు పెరిగితే మొదటి రూపం పదోవంతుకు పడిపోతుంది. మన బోరునీళ్లు చాలాచోట్ల క్షారగుణం ఉన్నవి. అందుకే భగీరథ నీళ్లలో పనిచేసిన మోతాదు బోరునీళ్లలో అంతే చురుగ్గా పనిచేయకపోవచ్చు. అక్కడ సమయం పెంచాలి.

క్లోరిన్‌కు లొంగనివీ ఉన్నాయి. 1993లో అమెరికాలోని మిల్వాకీలో సుమారు నాలుగు లక్షల మందికి విరేచనాలు పట్టించిన క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి గట్టి పెంకులో ఉంటుంది, మామూలు మోతాదు క్లోరిన్‌ను లెక్కచేయదు. దాన్ని ఆపేది శుద్ధి కేంద్రంలో ఇసుక వడపోత, ఇంట్లో అయితే నీళ్లు మరిగించడం. పాతరోజుల్లో ఏటి నీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి మట్టిని అడుగుకు దించేవారు. ఆ అలవాటులో శాస్త్రం ఉంది, నీళ్లు తేటపడితేనే క్లోరిన్ క్రిములదాకా చేరుతుంది. అయితే తేటపడటం వేరు, క్రిములు చావడం వేరు. రెండు మెట్లూ ఎక్కాల్సిందే.

ఇలా ఒకసారి శుద్ధి చేశాక రోజువారీ సంగతి. బోరునీళ్లు నింపుకునే ట్యాంకుకు వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ తేటను కలిపి అరగంట ఆగితే సరిపోతుంది. ఆ తర్వాత నల్లా నీళ్లలో కొన్ని చుక్కల పరీక్ష ద్రవం వేసి, రంగును చీటీతో పోల్చి, క్లోరిన్ ఎంత మిగిలిందో చూడవచ్చు. ఆ కిట్లు పంచాయతీ దగ్గర ఉంటాయి. 0.2 కన్నా తక్కువైతే మోతాదు కొంచెం పెంచాలి, 1 దాటితే తగ్గించాలి. ఇంటి ట్యాంకుకే కాదు, వెంట తీసుకెళ్లే నీళ్లకూ ఈ పద్ధతి పనికొస్తుంది. శివరాత్రికి, మొదట్లో చెప్పిన వనదుర్గ గుడి దగ్గర జరిగే ఏడుపాయల జాతరకు లక్షల మంది వస్తారు. ట్యాంకర్లలో, డ్రమ్ముల్లో, ట్రాక్టర్ ట్రాలీల మీద తెచ్చుకున్న నీళ్లే చాలామందికి ఆధారం. ఆ డ్రమ్ములు కూడా చక్రాల మీది ట్యాంకులే. ముందురోజు రుద్ది, క్లోరిన్ నీళ్లతో నింపి ఉంచి, కడిగి, మంచినీళ్లు పట్టుకుని, మూత బిగించి బయలుదేరితే జాతర రోజుల్లో పిల్లలకు వాంతులు విరేచనాల భయం చాలావరకు తగ్గుతుంది. క్లోరిన్ మాత్రలు వాడేవాళ్లు పొట్లం మీద ఎన్ని లీటర్లకు ఒకటని రాసిందో చూసి, అరగంట ఆగి తాగాలి.

క్లోరిన్ ఉందంటే కాపలా ఉందని అర్థం, క్రిములు లేవని రుజువు కాదు. ఆ రుజువుకు మన దేశంలోనే పుట్టిన చవకైన పరీక్ష ఒకటుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసిన కె.ఎస్. మంజా, ఆయన సహచరులు 1982లో దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించారు. చిన్న సీసాలో రసాయనాలు పీల్చిన కాగితం ముక్క ఉంటుంది. అందులో 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూతపెట్టి, వెచ్చనిచోట ఒక రాత్రి ఉంచాలి. పేగుల్లో ఉండే రకం బాక్టీరియా ఆ నీళ్లలో ఉంటే అవి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తాయి, కాగితంలోని ఇనుము దానితో కలిసి నల్లబడుతుంది. ల్యాబు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. సీసాలు రెండు తీసుకుని, ఒకదాంట్లో గేటు దగ్గర వచ్చే నీళ్లు, రెండోదాంట్లో వంటింటి నల్లా నీళ్లు పోయండి. మొదటిది మామూలుగా ఉండి రెండోది నల్లబడితే కల్మషం చేరింది మన సంపులోనో ట్యాంకులోనో పైపులోనో. మూత, పొంగుపైపు జాలీ, గోడ పగుళ్లు సరిచేసి శుద్ధి మళ్లీ చేయాలి. రెండూ నల్లబడితే నీళ్లు మరిగించి తాగుతూ, ఆ సీసాలు పట్టుకుని అదేరోజు పంచాయతీకి వెళ్లాలి, పక్కింటివాళ్లకూ చెప్పాలి.